వెలుగు తగ్గిన కన్ను

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ కార్యవర్గానికి నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది, మన్నించండి. ఈ రోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి. ఆయన పాఠాలు చెప్పిన ఈ పర్లాకిమిడిలో నన్ను భాష గురించి మాట్లాడమన్నారు. నేను భౌతికశాస్త్రం మేస్టారిని, కళ్ళ గురించి మాట్లాడతాను. భాష సంగతి దారిలో తగులుతుంది.

మా పెద్దక్క మన ఒడిశాలోనే, గుణుపూరులో ఉంటుంది. ఒక ఉచిత నేత్ర శిబిరానికి వెళ్ళి, "ఎడమ కంటికి వెలుగు తక్కువగా ఉంది బాబూ, గదిలో ఒక బల్బు ఆర్పేసినట్టుంది" అని చెప్పింది. శిబిరంలో కళ్ళు చూసే కుర్రవాడికి తెలుగు రాదు. రెండు కళ్ళూ తెరిచి ఉంచే పట్టిక చదివించాడు. అక్క కింది వరుస దాకా చదివింది. చూపు బాగుందని రాసి పంపేశాడు! కుడి కన్ను చదువుతుంటే ఎడమ కంటి సంగతి ఎలా బయటపడుతుంది?

తర్వాత విశాఖలో డాక్టరు గారు గది చీకటి చేసి, టార్చి వెలుగును ఒక కంటి నుంచి మరో కంటికి మార్చి మార్చి వేశారు. ఆరోగ్యమైన కళ్ళలో వెలుగు ఎటు పడినా రెండు కంటిపాపలూ కుంచించుకునే ఉంటాయి. అక్క ఎడమ కంటి మీదికి వెలుగు రాగానే పాపలు విచ్చుకున్నాయి. నీటికాసులు, అంటే గ్లాకోమా. కంటి నరం దెబ్బతింది. పోయిన చూపు ఇక రాదు, మిగిలింది కాపాడుకోవడమే. శుక్లం వల్ల కూడా కన్ను మసకబారుతుంది గానీ, శుక్లం ఒక్కటే అయితే పాప సాధారణంగా ఇలా చేయదు. ఆ తేడా పట్టడానికి చేతి టార్చి చాలు. శిబిరంలో టార్చి లేదా?

ఇక్కడ కొంచెం పాఠం చెప్పనివ్వండి, అలవాటు పోదు. దారానికి రాయి కట్టి అటూ ఇటూ ఊపించండి. ఎడమ కంటికి మాత్రం నల్లద్దం అడ్డం పెట్టి, రెండు కళ్ళతో చూడండి. తిన్నగా ఊగే రాయి గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉంటుంది: కుడివైపు పోతూ దూరం జరుగుతుంది, ఎడమవైపు వస్తూ దగ్గరవుతుంది. మసక కంటి కబురు మెదడుకు ఆలస్యంగా చేరడమే కారణం. దీన్ని 1922లో జర్మనీలో, జైస్ సంస్థలో పనిచేసే కార్ల్ పుల్‌ఫ్రిష్ వివరించాడు. ఆయనకు ఒక కంటి చూపు లేదు. తన పేరు మీద నిలిచిన వింతను చూసే యోగం ఆయనకే లేకపోయింది. అక్కకూ ఇదే తిప్పలు: రోడ్డు దాటబోతూ, వచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో తేలక ఆగిపోయేది. ఇంట్లో అందరూ పిరికితనం అన్నారు.

ప్రతి తేడా జబ్బు కాదు, కంగారు పడకండి. పక్కకు పడుకుని, ఒక కన్ను దిండులో ఒత్తుకుని, రెండో కంటితో చీకట్లో ఫోను చూస్తే, ఫోను ఆపాక ఆ కంటికి కాసేపు ఏమీ కనిపించదు. 2016లో లండన్ వైద్యులు ఇలాంటి ఇద్దరు మహిళల గురించి రాశారు. నిమిషాల్లో సర్దుకుంటుంది. సర్దుకోనిదే ప్రమాదం. తెర దించినట్టు హఠాత్తుగా చీకటి కమ్మితే మాత్రం ఆ రోజే పరుగెత్తాలి.

కార్యవర్గం వారూ, మీ తర్వాతి శిబిరంలో తెలుగు వచ్చిన మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. ఒక్కో కన్నూ మూయించి, "వెలుగు రెండింటికీ సమానంగా ఉందా?" అని అడిగించి, చెప్పింది చెప్పినట్టు రాయించండి. దండలు తగ్గించుకుంటే టార్చి వస్తుంది. సరే, ఇప్పుడు అందరూ ఈ ట్యూబులైటు చూస్తూ కుడి కన్ను మూయండి. ఇప్పుడు ఎడమది. తేడా ఉన్నవారు చేయి ఎత్తండి. మూడో వరుసలో అమ్మా, మొహమాటం వద్దు, సగం ఎత్తినా లెక్కే.