పది కిలోల బియ్యం, ఒక కొండ

నమస్తే అండీ. ఈ ఆయాసం నాదే, మైకు తప్పేం లేదు. విజయవాడ గుణదల కొండ మెట్ల మీదున్నాను, టైం అయిదూ నలభై. వీపు మీద బ్యాగులో 10 కిలోల సోనా మసూరి సంచి ఉంది. ఇందాక దిగొస్తున్న ఒక పెద్దాయన దాని మూల కనపడేసరికి ఆగి, "ఏం నాన్నా, పైన వంటలా?" అన్నారు. కాదండీ, ప్రాక్టీసు అన్నాను. "బియ్యంతోనా!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

సంగతేంటంటే, వచ్చే నెల కిలిమంజారో ఎక్కబోతున్నాను. టాంజానియాలో ఉంది, 5,895 మీటర్లు, ఆఫ్రికాలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు గారు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ 172 రోజుల్లో ఎక్కేశారు, అందులో ఇదీ ఒకటి. నేను ఆ బాపతు మనిషిని కాదు లెండి. మూడంతస్తుల మేడకి లిఫ్టు వెతుక్కునే రకం.

ఈ కొండ పేరు చెప్పి ఆదివారం భోజనాలకి డబ్బు పోగుచేస్తున్నాం. ఆదివారమే ఎందుకంటే, అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి భోజనం దొరుకుతుంది కదా, దానికి ఆదివారం సెలవు. బస్టాండు దగ్గర పడుకునేవాళ్ళు, పని దొరకని కూలీలు, ఆసుపత్రిలో రోగి వెంట వచ్చినవాళ్ళు, వీళ్ళకి ఆ రోజే ఇబ్బంది. మా వీధివాళ్ళం ఒక వంటావిడని పెట్టుకుని అన్నం, సాంబారు, ఒక కూర, మజ్జిగ పెడుతున్నాం. ప్లేటుకి 40 రూపాయలు పడుతోంది.

ఇంట్లో చెప్పగానే మా పెద్దమ్మ అడిగిన మొదటి మాట, "ఒరేయ్, ఆ కొండకి నీకెంతవుతోంది?" 2 లక్షల 80 వేలు అన్నాను. ఆవిడ ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపిన మనిషి, కాగితం అక్కర్లేదు. "ఏడు వేల భోజనాలు. అవేవో పెట్టేసి ఇంట్లో కూర్చోవచ్చుగా?"

మీలో సగం మంది కూడా ఇదే అనుకుంటున్నారని తెలుసు. లెక్క కరెక్టే. కానీ నిజం చెప్పనా? నేను కొండ మానేసినా ఆ డబ్బు మొత్తం భోజనాలకి ఇచ్చేవాణ్ణి కాదు. అది ఆరేళ్ళు దాచుకున్న సరదా డబ్బు. అందుకే మీరిచ్చే దాంట్లోంచి ఒక్క రూపాయి కూడా టికెట్టుకి వెళ్ళదు. కొండ ఖాతా నాది, అన్నం ఖాతా వేరు.

ఇదిగో, కింద కనపడేది కృష్ణ నీళ్ళు పారే ఏలూరు కాలువ. 1832-33లో గుంటూరు సీమలో నందన కరువొచ్చి లెక్కలేనంత మంది పోయారు. ఆ తర్వాతే కృష్ణ మీద ఆనకట్ట కట్టాలన్న మాట గట్టిగా నడిచి, 1855కి బెజవాడలో పూర్తయింది. ఆకలి పోగొట్టడమంటే అదీ. నేను చేసేది ఒక పూట పని.

ఆ ఒక పూట విలువ నాకు 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు వాగు పొంగినప్పుడు నేను ఇక్కడే సింగ్‌నగర్‌లో, రెండో అంతస్తులో ఉన్నాను. రెండు రోజులు బిస్కెట్లు. మూడో రోజు పడవలో పులిహోర పొట్లం వచ్చింది, నలుగురికి ఒకటి. చల్లారి గట్టిపడిపోయింది. మా ఫ్రెండు వేరుశనగ గుళ్ళు లెక్కపెట్టాడు, పదకొండు. నాలుగు భాగాలు సరిగ్గా రాలేదని కాసేపు గొడవపడ్డాం. నెలకి యాభై వేలు జీతం తెచ్చుకునేవాళ్ళం, పల్లీల దగ్గర!

సరే, పెద్దమ్మ రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "నీ సామాను, నీ తిండి ఎవరు మోస్తారు?" అక్కడి కూలీలు, పోర్టర్లు అంటారు, అన్నాను. "మరి వాళ్ళకి అన్నం పెడతారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆకలి పేరు చెప్పుకుని వెళ్తున్నవాణ్ణి, ఆ మాట ఎవర్నీ అడగలేదు. అప్పుడు వెతికితే తెలిసింది, మనిషికి 20 కిలోలకి మించి మోయించకూడదని అక్కడ రూలుంది. పోర్టర్లకి కూలీ, మూడు పూటలా తిండి సరిగ్గా ఇస్తున్నారా లేదా అని చూసే సంస్థ కూడా ఉంది, కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని. నేను మాట్లాడుకున్న కంపెనీ ఆ లిస్టులో లేదు. మార్చేశాను. 30 వేలు ఎక్కువైంది, పెద్దమ్మ భాషలో 750 ప్లేట్లు.

ఇవ్వాలనుకునేవాళ్ళకి ఒక లెక్క పెట్టాను. మీటరుకి 10 పైసలు చొప్పున 589 రూపాయల 50 పైసలు, అంటే పద్నాలుగు ప్లేట్లు దాటుతుంది. నేను శిఖరం చేరితేనే ఇస్తాం అనే షరతు మాత్రం వద్దండి. పైన గాలిలో ఆక్సిజన్ మనకి ఇక్కడ అందేదాంట్లో సగమే. తల పగిలిపోతున్నా, వాంతులవుతున్నా, పద్నాలుగు ప్లేట్ల కోసమని ఇంకో అడుగు వేశానంటే ప్రాణం మీదకొస్తుంది. గైడు దిగమంటే దిగిపోతా. పెద్దమ్మ అయితే 600 చేతిలో పెట్టి, "పదిహేను చెయ్, మీటర్లు నాకు చెప్పకు" అంది.

ఇంకో రెండు రౌండ్లున్నాయి. త్వరగా దిగాలి, ఇవాళ ఆదివారం. ఎనిమిదింటికల్లా వంటావిడ ఎసరు పెట్టేస్తుంది, బియ్యమేమో నా వీపు మీదున్నాయి.