తాడు అవతలి కొసన సముద్రం

శ్రోతలకు నమస్కారం.

బరంపురంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఠాకురాణి యాత్ర గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ ఈ మాటలు పర్లాకిమిడిలో, రాయగడలో, ఇచ్ఛాపురం అవతల కూడా వింటున్నారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను. రెండేళ్ళకోసారి, ఎండలు ముదిరే రోజుల్లో, బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి విడిచి దేశిబెహరా వీధికి వస్తుంది. అది ఆమెకి పుట్టిల్లు. దేశిబెహరా అంటే ఇక్కడ డేరా అనే నేత కులానికి పెద్ద. ఆ నేతగాళ్ళు ఎన్నో తరాల కిందట మహురి రాజులు పిలిస్తే తెలుగు నేల నుంచి మగ్గాలతో సహా వచ్చి స్థిరపడ్డవాళ్ళు. పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టే అమ్మవారు వస్తుంది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఊరికి నిద్ర ఉండదు. రాత్రిళ్ళు ఘటాలు వీధులు తిరుగుతుంటే గుమ్మాల్లో పసుపునీళ్ళతో ఎదురుచూస్తారు.

మా మావయ్య ఒక ఏడు పులి వేషం కట్టాడు. నాకప్పుడు ఏడేళ్ళు. ఒళ్ళంతా పసుపు రంగు పూసి, దానిమీద నల్ల చారలు దిద్దడానికి తెల్లవారుజామున మొదలెడితే ఎండ నెత్తికెక్కింది. రంగు ఆరేదాకా కూర్చోకూడదు. రెండు చేతులూ రెండు వెదురు కర్రల మీద ఆన్చి అలా నిలబడే ఉన్నాడు. దాహమేస్తే అమ్మమ్మ గ్లాసులో గొట్టం వేసి నోటికందించింది, మూతి దగ్గర రంగు చిట్లకుండా. డప్పు పడగానే ఆ నిలబడ్డ మనిషి లేడు. నేను అమ్మమ్మ కొంగు వెనక దాక్కున్నాను. మావయ్యే అని తెలుసు, అయినా దాక్కున్నాను. అంతకుముందు ఏడు ఆయన కూతురికి జబ్బు చేసి తగ్గింది. ఆ మొక్కు అది. చూసేవాళ్ళ కోసం కట్టిన వేషం కాదు, చెల్లించుకోవడానికి కట్టింది. యాత్రలో శివుడయ్యేవాడూ, సన్యాసి అయ్యేవాడూ, పులయ్యేవాడూ అందరూ అంతే. నిన్నటిదాకా గుమ్మంలో నిలబడి చూసినవాడే ఈ ఏడు వీధిలోకి దిగుతాడు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది ఒక కొత్త రకం కళ గురించి. దాన్ని ఇమ్మర్సివ్ ఆర్ట్ అంటున్నారు, ఇంటరాక్టివ్ ఆర్ట్ అని కూడా అంటున్నారు. నేను దిగే కళ అంటాను. ఒడ్డున నిలబడి చూసే చెరువు వేరు, మోకాళ్ళదాకా దిగిన చెరువు వేరు కదా. ఇందులో నాటకం ఉంటుంది, కంప్యూటర్లూ సెన్సార్లూ ప్రొజెక్టర్లూ ఉంటాయి. వీటన్నిటికీ మించి, వచ్చిన మనిషి ఏదో ఒకటి చేస్తేనే అది జరుగుతుంది. ఎవరూ రాకపోతే అక్కడ ఉన్నది ఖాళీ గది.

ఒక చిన్న పని చేద్దామా? మీరు ఏ పనిలో ఉన్నా ఒక్క నిమిషం ఆపి, కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆన్చండి. గట్టిగా నొక్కకండి. దొరికిందా? నాడి. అలాగే ఉంచి వినండి.

మెక్సికోలో పుట్టి కెనడాలో పనిచేసే రఫాయెల్ లొసానో-హెమ్మెర్ అనే కళాకారుడు 2006లో ఒక గది కట్టాడు. దాని పేరు పల్స్ రూమ్. కప్పు నుంచి వందల బల్బులు వేలాడుతుంటాయి, మన ఇళ్ళలో ఒకప్పుడు ఉండే ఫిలమెంటు బల్బులే. ఒక చివర పట్టుకోవడానికి ఒక పిడి ఉంటుంది. మీరు వెళ్ళి దాన్ని రెండు చేతులా పట్టుకుంటే, అందులోని సెన్సారు మీ గుండె ఎలా కొట్టుకుంటోందో పసిగడుతుంది. దగ్గర్లో ఉన్న బల్బు ఆ లెక్కనే వెలిగి ఆరడం మొదలెడుతుంది. మీరు పిడి వదలగానే గదంతా ఒక్కసారి చీకటవుతుంది. ఆ తర్వాత మీ గుండె చప్పుడు వరుసలో మొదటి బల్బులోకి చేరుతుంది, మీ ముందువాళ్ళవన్నీ ఒక్కో బల్బు ముందుకి జరుగుతాయి. వరుస చివర ఉన్నవాళ్ళది రాలిపోతుంది. అంటే ఆ గదిలో ఎప్పుడు చూసినా కిందటిసారి వచ్చినవాళ్ళ గుండెలు కొట్టుకుంటూ ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో. మీదీ కొంతసేపు ఉంటుంది. తర్వాత ఉండదు.

వేళ్ళు తీసేయొచ్చు. నేను ఆ గదికి వెళ్ళలేదు, వీడియోల్లోనే చూశాను. అయినా తలుచుకున్నప్పుడల్లా నా వేళ్ళు మణికట్టు మీదికి పోతాయి. ఎందుకంటే అది నా దగ్గర ఒకటి అడుగుతోంది. టికెట్టు డబ్బులు కాదు, నాది అయినది ఒకటి. ఇచ్చి, అది ఎదుటివాళ్ళ వాటి మధ్య కలిసి, కాసేపటికి పోవడం చూడమంటోంది. నాకు తెలిసిన మాటల్లో దాన్ని మొక్కు అనే అంటారు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటివని పేరు పెట్టుకుని వస్తున్న చాలా ప్రదర్శనలు మనల్ని ఏమీ అడగడం లేదు. రెండేళ్ళ కిందట ఒక పెద్ద నగరంలో అలాంటిదానికి వెళ్ళాను. నాలుగు గోడల మీదా, నేల మీదా ప్రొజెక్టర్లతో పూలు, నక్షత్రాలు. అందంగానే ఉంది, కాదనను. కానీ వచ్చినవాళ్ళందరం గోడలకి వీపు తిప్పి ఫోటోలు తీసుకున్నాం. మేం లేకపోయినా ఆ పూలు అలాగే పూసేవి. బయటికొచ్చాక మా అమ్మాయి, "నాన్నా, అవి మనల్ని చూడలేదు కదా," అంది. ఆ మాట నన్ను వదల్లేదు.

చూడటం అంటే ఏమిటో యాభై ఏళ్ళ కిందటే పట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో మైరన్ క్రూగర్. 1970ల్లో ఆయన వీడియోప్లేస్ అని ఒకటి తయారుచేశాడు. గదిలో నిలబడ్డ మనిషి ఆకారాన్ని కెమెరా పట్టి నీడలాగా తెర మీద వేస్తుంది. వేరే గదిలో ఉన్న ఇంకో మనిషి నీడ కూడా అదే తెర మీదికొస్తుంది. కళ్ళజోళ్ళు లేవు, చేతులకి తొడుగులు లేవు. తెర మీద రెండు నీడలు తాకగానే మనుషులు నిజంగా ఎవరో తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళట. తోలుబొమ్మలాట చూసిన జాతికి ఇది అర్థం కాకపోదు. నీడకీ ఒళ్ళుంటుందని మన బొమ్మలాటవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. తెర వెనక దీపానికి బొమ్మ ఎంత దగ్గర జరిపితే రాక్షసుడు ఎంత పెరుగుతాడో వాళ్ళ చేతికే కొలత.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి గొంతుతో చేసిన పని ఒకటి చెప్పకుండా ఉండలేను. 2005లో రిమిని ప్రోటోకోల్ అనే జర్మన్ నాటక బృందం కాల్ కటా అని ఒకటి చేసింది. బెర్లిన్‌లో టికెట్టు కొన్నవాళ్ళ చేతికి ఒక మొబైల్ ఫోన్ ఇస్తారు. అది మోగుతుంది. అవతల మాట్లాడేది కలకత్తాలో ఒక కాల్ సెంటర్లో కూర్చున్న మనిషి. కుడికి తిరగండి, ఆ గోడ పక్క ఆగండి అంటూ తాను కాలుపెట్టని ఊళ్ళో వీధుల వెంట మిమ్మల్ని నడిపిస్తారు. రంగస్థలం లేదు. నటుడు కంటికి కనపడడు. మీరు నడిస్తేనే నాటకం నడుస్తుంది. అక్కడ అడిగింది నమ్మకం. ముక్కూ మొహం తెలియని గొంతుని నమ్మి వీధి దాటడం.

మన ఒడిశాలోనే బర్గఢ్ ధనుయాత్రలో ఇంతకన్నా పెద్దది జరుగుతుంది. పదకొండు రోజులు ఊరు ఊరంతా మథురే. జీరా నది యమున, అవతల ఆంబాపాలి గోపపురం. కంసుడు ఏనుగెక్కి బజారులో తిరుగుతూ ఎదురైనవాళ్ళకి జరిమానాలు వేస్తాడు, అధికారులు కూడా కట్టి నవ్వుకుంటూ పోతారు. అక్కడ ప్రేక్షకుడు అనే మాటకి చోటే లేదు. ఉన్నవాళ్ళంతా కంసుడి పౌరులు.

ఇక మా సంగతికి వస్తాను.

గోపాలపురం దగ్గర మన నోలియాల పేట ఉంది. నోలియాలంటే సముద్రంలో చేపలు పట్టే, తెలుగు మాట్లాడే వాడబలిజలు. ఒడ్డు నుంచి అలివి వల లాగే ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు నలుగురు, ఇద్దరు ఆ పేటవాళ్ళే, నా దగ్గరికొచ్చి ఒక ఆలోచన చెప్పారు. ఇసకలో తెల్లటి గుడ్డ కట్టి దానిమీద ప్రొజెక్టరుతో సముద్రం వెయ్యాలి. తెర ముందు అసలైన వల తాడు. ఆ తాడు లాగితే తెర మీద వల ఒడ్డుకి రావాలి. తాడు కొసన ఏం పెట్టారంటే, కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది చూడండి, దాని పళ్ళెం కింద బరువు పట్టే ఇనుప ముక్క. లోడ్ సెల్ అంటారు. లాగుడుకి అది వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపుని చిన్న చిప్ అంకెగా మార్చి కంప్యూటరుకి చెబుతుంది. ఒక్కడు లాగితే తెర మీద ఏమీ కదలకూడదు, ఎంత బలవంతుడైనా సరే. పదిమంది ఒక్క ఊపులో లాగితేనే వల కదలాలి. ఇది వాళ్ళు పెట్టుకున్న నియమం. నాకు అక్కడే వాళ్ళ మీద గురి కుదిరింది.

వేట లేని రోజులు చూసుకుని ఒక సాయంత్రం కట్టారు. పేటలో చిన్నపిల్లలు పరిగెత్తుకొచ్చారు, ఆడవాళ్ళు దూరంగా కూర్చున్నారు. మొదట కుర్రాళ్ళు పట్టుకున్నారు. హైలెస్సా అంటే హైలెస్సా, లాగుతున్నారు, వల కదులుతోంది, కానీ ఏదో తేడా. మూడో ఊపుకే చేతులు చెదిరిపోయాయి. ఒకడు ముందు, ఒకడు వెనక. పిల్లలు వైర్లు చూశారు, కాటా ముక్క చూశారు, అంతా బాగానే ఉంది. అప్పుడు వెనకనించి ఒక పెద్దాయన లేచొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, అరచేతుల్లో తాడు గాట్లు తెల్లగా మెరుస్తున్నాయి. కుర్రాళ్ళతో కలిసి రెండు ఊపులు లాగి వదిలేసి అన్నాడు: "సముద్రం ఇంత నెమ్మదిగా పలకదురా బాబూ. నువ్వు లాగినప్పుడే అదీ లాగుతాది."

అదే రోగం. లాగుడుకీ బొమ్మ కదలడానికీ మధ్య అర సెకను పైనే ఆలస్యం వస్తోంది. కంప్యూటరు అంకెలు స్థిరపడేదాకా ఆగి సగటు తీసి పంపుతోంది. సెకనులో పదో వంతు దాటితేనే మనిషికి తేడా తెలిసిపోతుంది, ఇక పాటతో కలిసి లాగేవాళ్ళకి చెప్పాలా? పిల్లలు రాత్రి కూర్చుని ఆ సగటు లెక్క తీసేశారు. అంకెలు కాస్త వణికినా పరవాలేదనుకున్నారు. మర్నాడు సాయంత్రం వల పాటతో కదిలింది. దూరంగా కూర్చున్న ఆడవాళ్ళు ఎప్పుడు లేచారో చూడలేదు, తిరిగి చూసేసరికి తాడు మీద ఉన్నారు. పూర్వం వల లాగేటప్పుడు తమకి తాడు అందేది కాదని, గంపలు మొయ్యడమే తమ వంతని ఒకామె ఊపుకీ ఊపుకీ మధ్య నాతో అంది. ఇంకో మాట అనబోయింది, ఈలోగా హైలెస్సా వచ్చేసింది.

ఆ రాత్రి ఒక ముసలావిడ, చూపు సరిగా ఆనదు, తెర వైపు తిరగకుండా సముద్రం వైపు తిరిగి లాగింది. ఎవరూ ఆమెని సరిచెయ్యలేదు.

అంతా అయ్యాక పిల్లలు పెద్దాయన దగ్గర కూర్చున్నారు. ఎలా ఉంది తాతా అని అడిగితే ఆయన మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. చేప పడినప్పుడు తాడు బరువు మారుతుందన్నాడు. ఎంత పడిందో, ఏ చేప పడిందో, కవళ్ళో ఇంకోటో, వల ఒడ్డుకి రాకముందే చేతికి తెలుస్తుందట. మీ తాడుకి అవతల గుంజ తప్ప ఏమీ లేదు, దానికి ప్రాణం లేదు అన్నాడు. ఇన్నేళ్ళ అనుభవం అరచేతిలో పెట్టుకుని ఒక మనిషి చెప్పిన మాట అది. ఇలాంటివి తయారుచేసేవాళ్ళు మొదట వెళ్ళి కూర్చోవలసింది వీళ్ళ దగ్గర. పని పూర్తయ్యాక చూడటానికి పిలిచే అతిథుల్లా కాదు, పని మొదలెట్టినప్పుడే పక్కన ఉండవలసిన గురువుల్లా. పులి చారలు దిద్దే చెయ్యి, బొమ్మని దీపానికి జరిపే చెయ్యి, తాడు పట్టిన చెయ్యి. ఆ చేతుల్లో ఉన్నది ఏ పుస్తకంలోనూ రాసిలేదు, ఆ మనుషులు పోతే పోతుంది.

పిల్లలు ఊరుకోలేదు. ఇప్పుడు తాడు అవతలి కొసకి ఒక మోటారు కట్టారు, ఎదురు లాగడానికి. దాన్ని ఎంత గట్టిగా, ఎలా లాగించాలో తేల్చుకోవడానికి ముందు కప్పీ మీదుగా ఇసక సంచులు వేలాడదీసి చూస్తున్నారు. కిందటి ఆదివారం పెద్దాయన్ని స్కూటరు మీద ఎక్కించుకుని హాస్టలుకి తీసుకొచ్చారు. నేనూ వెళ్ళాను. ఆయన వరండాలో గోడకి కాలు తన్నిపెట్టి, కళ్ళు మూసుకుని తాడు పట్టుకున్నాడు. అవతల ఒక కుర్రాడు సంచిలో ఇసక పోస్తున్నాడు, ఇంకొకడు సంచిని మెల్లగా కుదుపుతున్నాడు.

"ఒట్టి నీరు," అన్నాడు పెద్దాయన.

ఇంకాస్త ఇసక పోశారు.

"ఇదీ నీరే."

కుదుపు మార్చారు. చిన్నచిన్నగా, వెంటవెంటనే. పెద్దాయన వేళ్ళు బిగిశాయి. కళ్ళు తెరవలేదు. చాలాసేపు ఏమీ అనలేదు.

"కవళ్ళు," అన్నాడు. "ఆపకండి, లాగుతాను."