పద్దుల పుస్తకంలో టమాటా

శ్రోతలకు నమస్కారం. 2023 జులైలో మన దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే మనం కొనే సరుకుల ధరలు ఏడాదిలో పెరిగిన శాతం, 7.44 శాతానికి చేరింది. కూరగాయలు అంతకు ముందు జులై కంటే 37 శాతం ప్రియమయ్యాయి. టమాటా ఏకంగా మూడింతలైంది. ఈ పూట నేను ఆ టమాటా గురించే మాట్లాడతాను.

విశాఖపట్నం గృహిణులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. వేసవిలో సరైన ధర రాక రైతులు సాగు తగ్గించారు, ఎండలు, తెగుళ్లు, వానలు ఉన్న పంటను దెబ్బతీశాయి. బయట కిలో వంద దాటితే ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. ఎంవీపీ కాలనీ రైతుబజారులో సంచి పట్టుకుని నేనూ వరుసలో నిలబడ్డాను. ఇంట్లో చారుకు చింతపండు, పప్పులోకి దోసకాయ.

మరుసటి ఏడాది జులైలో మా వదినగారింటికి వెళ్లాను. వాళ్లింట్లో పనిచేసే ఆమె జీతం పెంచమని అడుగుతోంది. ద్రవ్యోల్బణం సుమారు మూడున్నర శాతానికి దిగిందని, టమాటా 40 శాతానికి పైగా తగ్గిందని నేను పేపర్లో చదివింది చెప్పాను. వదినగారు అలమరలోంచి పద్దుల పుస్తకం తీశారు. పసుపు మరకల పేజీలు. 2022 జులై: టమాటా కిలో 35. 2023 జులై: 120. 2024 జులై: 70.

"నిరుటితో పోలిస్తే తగ్గింది. అటు నిరుటితో పోలిస్తే రెట్టింపు కదా!" అన్నారు.

నిజం. నెలనెలా ప్రకటించే ద్రవ్యోల్బణం శాతం పోయిన ఏడాది అదే నెలతో పోల్చి చెప్పేది. పోయిన ఏడాది ధర మండిపోతే ఈ ఏడాది శాతం దానంతటదే చిన్నదవుతుంది. శాతం తగ్గితే ధర తగ్గినట్లు కాదు. మళ్లీ చెబుతున్నాను, శాతం తగ్గితే ధర తగ్గినట్లు కాదు, పెరిగే వేగం తగ్గిందంతే. 2022 జులైలో 100 రూపాయలకు వచ్చిన సరుకులు ఏడాదికి 107 రూపాయలు దాటాయి, రెండో ఏడాదికి సుమారు 111 అయ్యాయి.

అందుకే నాదొక్కటే విన్నపం. ఎవరి జీతమైనా పెంచాలన్నప్పుడు, చివరిసారి పెంచిన నెల నుంచి లెక్క వేయండి, నిరుటి నుంచి కాదు. వదినగారింట్లో పనిచేసే ఆమెకు చివరిసారి 2022 జులైలో పెంచిన జీతం 3,000. ఆ లెక్కన 3,330 అయినా రావాలి. అయితే ద్రవ్యోల్బణం లెక్కగట్టే దేశం మొత్తం ధరల సూచీలో అప్పట్లో ఆహారం వాటా దాదాపు 46 శాతమే. ఆమె ఇంట్లో సంపాదనలో ఎక్కువ భాగం తిండికే పోతుంది. వదినగారికి ఆ సంగతి తెలుసు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఆమె ఎదుటే 3,500 అని రాశారు, వచ్చే నెల నుంచి కాదు, ఆ నెల నుంచే.