స్పోర్ట్స్ కారు ఇంజన్ ఫౌండేషన్‌లు ఇంటి దగ్గరే మార్చుకోవడం: బోల్టుల కన్నా జాకీ ముఖ్యం

(దృశ్యం: బేస్‌మెంట్ పార్కింగ్. వెనుక బంపరు దగ్గరగా కనిపిస్తుంది. సైలెన్సర్ గొట్టానికీ బంపరు కోతకూ మధ్య సందులో ఒక వేలు.)

నమస్కారం. మీరు చూస్తున్నది బెంగళూరు బెళ్లందూరులో మేముంటున్న అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్. ఎదురుగా ఉన్నది మా బావగారి పోర్షే 911, 2006 నాటిది. బంపరులో సైలెన్సర్ గొట్టం కోసం చేసిన కోతను గమనించండి. గొట్టానికి పైన నా చూపుడు వేలు సులువుగా దూరుతోంది, కింద గోరు పట్టడానికి కూడా చోటు లేదు. ఈ కారులో సైలెన్సర్ ఇంజన్‌తో పాటే వేలాడుతుంది కనుక, గొట్టం కిందికి వాలిందంటే ఇంజన్ వాలిందని అర్థం. ఇంజన్‌ను మోసే ఆధారాన్ని (ఇంజన్ మౌంట్) మన మెకానిక్‌లు ఫౌండేషన్ అంటారు, అందుకే దీన్ని 'ఫౌండేషన్ పోయింది' అంటారు.

(దృశ్యం: చేత్తో గీసిన బొమ్మ. ఇంజన్, గేర్‌బాక్స్, మూడు ఆధారాలు.)

911లో ఇంజన్ వెనుక ఇరుసుకు కూడా వెనకాల ఉంటుంది. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి మూడు చోట్ల ఆనుతాయి: ముందువైపు గేర్‌బాక్స్ దగ్గర ఒకటి, వెనుక ఇంజన్‌కు కుడి ఎడమల చెరొకటి. మనం మార్చబోయేవి ఆ వెనుక రెండూ. ఇవి ఉత్త రబ్బరు ముద్దలు కావు. లోపల రెండు చిన్న గదులు, వాటి మధ్య ఇరుకైన దారి, అందులో కూలెంట్ లాంటి గ్లైకాల్ ద్రవం ఉంటాయి. స్పీడ్ హంపు ఎక్కి దిగినప్పుడు ఇంజన్ పెద్దగా ఊగబోతే, ద్రవం ఆ ఇరుకు దారిలో పడి వెళ్లవలసి వచ్చి ఊపును అణుస్తుంది. సన్నని అదురును మాత్రం రబ్బరే మింగుతుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకు మూడుసార్లు మండుతుంది కనుక, నిమిషానికి 700 చుట్ల ఐడిలింగ్‌లో సెకనుకు 35 తాకిళ్లు పడతాయి. రబ్బరు చిట్లి ద్రవం కారిపోయిన రోజు నుంచి ఆ 35 తాకిళ్లూ సీటులోకి, స్టీరింగులోకి వచ్చేస్తాయి.

ఈ కారు 42,000 కిలోమీటర్లే తిరిగింది కదా, అప్పుడే ఎలా పోయాయని బావగారు అడిగారు. రబ్బరుకు కిలోమీటర్ల కన్నా ఏళ్లూ వేడీ ఎక్కువ చేటు చేస్తాయి. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో అరగంట కదలకుండా నిలబడితే, వెనుక ఉన్న ఇంజన్‌కు గాలి అందక, పక్కనే ఉన్న సైలెన్సర్ల వేడి అంతా వీటికే తగులుతుంది.

అయితే అదురు ఉన్నంత మాత్రాన తప్పు ఫౌండేషన్‌దే అనుకోకండి. ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడినా, ఇన్‌టేక్ గొట్టంలో ఎక్కడైనా గాలి దూరుతున్నా ఐడిలింగ్ ఇలాగే వణుకుతుంది. ముందు అవి చూసుకున్నాకే సామాను కొనండి. నేను ఒకప్పుడు నా పాత కారు కోసం జేసీ రోడ్డులోని ఒక దుకాణంలో సగం ధరకు వస్తున్నాయని ఒక జత తెచ్చాను. ఆకారం అచ్చు గుద్దినట్టే ఉంది కానీ లోపల ద్రవమే లేదు, ఉన్నదంతా గట్టి రబ్బరు. బిగించాక డ్యాష్‌బోర్డు మొత్తం గలగలలాడింది. పాలీయురెథేన్ అనే గట్టి పదార్థంతో చేసిన రకం కూడా చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మీద తిప్పేవారికి బాగుంటుందేమో గాని, రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి నేను చెప్పను. 2009లో వచ్చిన 911 జీటీ3తో మొదలైన అయస్కాంత ద్రవపు ఫౌండేషన్‌లు వేరే సంగతి; వాటికి వైరు కనెక్షన్ ఉంటుంది, ఈ వీడియో వాటికి వర్తించదు.

(దృశ్యం: వెనుక చక్రాలు గాలిలో. ముందు చక్రాల ముందూ వెనకా చెక్క దిమ్మలు.)

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. కారు వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాము. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనుక చక్రాలనే, గేరులో ఉంచినా ఆగేవి అవే, ఆ రెండూ ఇప్పుడు గాలిలో ఉన్నాయి. అంటే కారును కదలకుండా ఆపుతున్నవి ముందు చక్రాల దగ్గరి ఈ దిమ్మలు మాత్రమే. బేస్‌మెంట్ నేల నీళ్లు పోవడానికి కొంత వాలుగా ఉంటుందన్న విషయం ఒక నట్టును నేల మీద దొర్లిస్తేనే తెలిసిపోతుంది. ఇంటర్‌లాకింగ్ టైల్స్ మీద పని చేసేవారు స్టాండ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేయాలి. స్టాండ్లు కారు బరువు మోస్తున్నాయని కారును చేత్తో కుదిపి చూసుకోకుండా కిందికి దూరవద్దు.

రెండో జాకీ ఇంజన్ కోసం. దాని ఇనుప తలను ఆయిల్ సంపుకు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టికి) నేరుగా ఆనించకుండా, బరువు పరుచుకునేలా వెడల్పాటి చెక్క దిమ్మ పెట్టండి. ఈ జాకీ పని ఇంజన్‌ను ఎత్తడం కాదు, దాదాపు 200 కిలోల ఆ బరువును మోయడం. ఎక్కువ కొట్టారంటే ఇంజన్‌తో పాటు కారు స్టాండ్ల మీది నుంచి లేస్తుంది. అందుకే నేను ఒక్కో కొట్టుకూ ఆగి ఫౌండేషన్ రబ్బరును చూస్తాను. నలిగి ఉన్న రబ్బరు కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు సాగిన చోట ఆపేస్తాను.

(దృశ్యం: పాత ఫౌండేషన్, కొత్తది పక్కపక్కన. పాతదాని చుట్టూ నల్లటి తడి మరక.)

ఇక విప్పడం పెద్ద పనేమీ కాదు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీస్తే పైన చేయి ఆడుతుంది. రెండూ ఒకేసారి తీయకుండా, ఒక పక్క కొత్తది పెట్టి బోల్టులు ఎక్కించాకే రెండో పక్కకు వెళితే ఇంజన్ తన చోటు తప్పదు. పాతది రావడానికి ఇంజన్‌ను రెండు వేళ్ల మందం మించి దించనవసరం లేదు. అంతకన్నా దించితే గొట్టాలూ వైర్లూ లాగుకుపోతాయి. పాతది కొత్తదానికన్నా దాదాపు ఒక సెంటీమీటరు కుంగిపోయి ఉండడం మీకు కనిపిస్తూనే ఉంది. కారిన ద్రవాన్ని వెంటనే తుడిచేయండి, గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నాకితే వీధి కుక్కలు చచ్చిపోతాయి.

కొత్తది బిగించేటప్పుడు బోల్టులన్నిటినీ మొదట చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కించాలి. చేత్తో ఎక్కని బోల్టును పానాతో బలవంతంగా తిప్పితే అల్యూమినియం మర తెగిపోతుంది, అప్పుడు మూడు గంటల పని మూడు రోజులవుతుంది. రెండు పక్కలా అన్నీ ఎక్కాక జాకీని మెల్లగా దించి, ఇంజన్ బరువు కొత్త రబ్బరు మీద కూర్చున్న తరువాతే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) వర్క్‌షాప్ మాన్యువల్లో ఉన్న లెక్క ప్రకారం బిగించండి. అదురుకు వదులు కాకుండా పట్టి ఉండే సెల్ఫ్ లాకింగ్ నట్లు మాత్రం కొత్తవే వాడాలి.

(దృశ్యం: నట్టు మీద తెల్ల పెయింట్ గీత. తరువాత మళ్లీ వెనుక బంపరు, అదే వేలు.)

బిగించిన ప్రతి నట్టు మీదుగా పక్క లోహం దాకా ఇలా ఒక గీత గీశాను. ఇప్పుడు గొట్టానికి పైనా కిందా సందు సమానంగా ఉంది. బావగారు ఆదివారం తెల్లవారుజామున నంది హిల్స్ దాకా వెళ్లి వచ్చాక, కారును మళ్లీ ఎత్తి, ఆ గీతలు ఎక్కడైనా విడిపోయాయేమో చూస్తాను.