ఉద్యోగుల ఖర్చుల లెక్కకు యాప్‌షీట్‌లో యాప్ తయారీ

నమస్కారం. ఊళ్లు తిరిగే సేల్స్ సిబ్బంది ఉన్న కంపెనీలో నెలాఖరు వచ్చిందంటే బస్సు టికెట్లు, లాడ్జి బిల్లులు, పెట్రోలు బంకు రసీదులు, యూపీఐ స్క్రీన్‌షాట్లు అన్నీ కలగలిసి అకౌంట్స్ విభాగానికి చేరతాయి. ఈ ఖర్చులను ఫోనులోనే నమోదు చేసి, మేనేజరు ఆమోదం పొందాక అకౌంటెంటుకు చేర్చే యాప్‌ను ఈ వీడియోలో గూగుల్ యాప్‌షీట్‌తో తయారు చేద్దాం. కోడ్ రాయనక్కర్లేదు గానీ, ఎవరు ఏది చూడాలి, ఎవరు ఏది మార్చకూడదు అన్న నిర్ణయాలు మనమే తీసుకోవాలి. రంగులు, లోగో సంగతి మీరు తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ముందుగా గూగుల్ షీట్స్‌లో కొత్త ఫైలు తెరిచి, సెట్టింగ్స్‌లో లొకేల్ (తేదీలు, అంకెలు ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్) ఇండియాగా ఉందో లేదో చూడండి. అది అమెరికా అని ఉంటే, మార్చి 4 అనుకుని మీరు 4/3/2025 అని వేసిన తేదీని షీటు ఏప్రిల్ 3గా చదువుకుని, ఆ ఖర్చును ఏకంగా తరువాతి ఆర్థిక సంవత్సరంలోకి నెట్టేస్తుంది. యాప్‌షీట్‌లో టేబుల్‌కు ఉండే లొకేల్ కూడా ఇదే కావాలి.

ఇప్పుడు ‘క్లెయిములు’, ‘ఖర్చులు’ అని రెండు షీట్లు పెడుతున్నాను. ఒక టూరుకు పది బిల్లులు ఉన్నా మేనేజరు ఆమోదించేది ఆ టూరు మొత్తాన్ని కాబట్టి, ఉద్యోగి ఈమెయిలు, మేనేజరు ఈమెయిలు, స్థితి మొదటి షీటులో ఉంటాయి. తేదీ, రకం, మొత్తం, బిల్లు ఫొటో, ఆ బిల్లు ఏ క్లెయిముదో చెప్పే క్లెయిము ఐడీ రెండో షీటులో ఉంటాయి. ఇవి కాక రెండింటిలోనూ ఒక ఐడీ కాలమ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్స్ మెనూలోని యాప్‌షీట్ ద్వారా యాప్‌ను సృష్టించి, రెండో షీటును కూడా టేబుల్‌గా చేర్చండి. రెండింటికీ ఐడీ కాలమ్‌ను కీగా, అంటే ప్రతి వరుసను విడిగా గుర్తుపట్టే విలువగా ఎంచుకుని, దాని ప్రారంభ విలువగా ప్రతిసారీ కొత్త ఐడీని ఇచ్చే యూనిక్‌ఐడీ ఫంక్షన్‌ను ఇవ్వండి. వరుస సంఖ్యను కీగా వాడితే, ఎవరైనా షీటును సార్ట్ చేసిన రోజున ఒకరి బిల్లులు ఇంకొకరి క్లెయిములో కనబడతాయి. ఖర్చులలోని క్లెయిము ఐడీని రెఫ్ రకంగా, అంటే మరో టేబుల్‌లోని వరుసను చూపే రకంగా మార్చి, ‘ఈజ్ ఎ పార్ట్ ఆఫ్’ ఆన్ చేస్తే, క్లెయిము ఫారంలోనే బిల్లులు ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.

బిల్లు ఫొటోకు ఇమేజ్ రకం ఇవ్వండి. షీటులో ఉండేది ఫొటో ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే, అసలు ఫొటో డ్రైవ్ ఫోల్డరులో ఉంటుంది కనుక ఆ ఫోల్డరును ఎవరూ కదపకూడదు. ఫొటోను తప్పనిసరి చేసేటప్పుడు ‘రకం ఆటో కాకపోతేనే’ అన్న షరతు పెట్టండి. ఆటో ఎక్కి బిల్లు అడగడం మన ఊళ్లలో జరిగే పని కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒకరి ఖర్చులు మరొకరికి కనబడకుండా చాలామంది స్లైస్ (టేబుల్‌లో కొన్ని వరుసలనే చూపే ఏర్పాటు) వాడతారు. స్లైస్ తెర మీద దాచుతుందే తప్ప, ఆ వరుసలు ఫోనులోకి రాకుండా ఆపదు. అందుకు, ఎవరి వరుసలు వారికే పంపే సెక్యూరిటీ ఫిల్టరే కావాలి. సైన్‌-ఇన్‌ను తప్పనిసరి చేసి, ఉద్యోగి ఈమెయిలుగానీ మేనేజరు ఈమెయిలుగానీ అకౌంటెంటు ఈమెయిలుగానీ యూజర్‌ఈమెయిల్ ఫంక్షన్ ఇచ్చే విలువతో, అంటే సైన్-ఇన్ అయినవారి ఈమెయిలుతో సరిపోవాలి అన్న షరతును క్లెయిములకు రాసి, అదే షరతును రెఫ్ ద్వారా ఖర్చులకూ రాయండి. పని సులువవుతుందని షీటునే అందరికీ షేర్ చేస్తే మాత్రం ఈ ఫిల్టరు ఉన్నా లేనట్టే.

స్థితిని చేత్తో మార్చే వీలు లేకుండా చేసి, ‘ఆమోదించు’, ‘తిప్పి పంపు’ అనే రెండు యాక్షన్ల (నొక్కితే పనిచేసే బటన్ల) ద్వారానే మారేలా పెడుతున్నాను. మేనేజరు తన సొంత క్లెయిమును తానే ఆమోదించుకోకుండా, యాక్షన్ షరతులో ఉద్యోగి ఈమెయిలు వేరుగా ఉండాలని కూడా చేర్చండి. ఆమోదం పూర్తయ్యాక మొత్తాన్ని దిద్దకుండా, స్థితి ‘చిత్తు’ లేదా ‘తిప్పి పంపినది’ అయినప్పుడే ఖర్చుల కాలమ్‌లు మార్చగలిగేలా ఎడిటబుల్-ఇఫ్‌లో రాయాలి.

చివరగా, కొత్త క్లెయిము వచ్చినప్పుడూ స్థితి మారినప్పుడూ దానంతటదే మెయిలు పంపే బాట్‌ను చేర్చుదాం. యాప్‌ను డిప్లాయ్ చేయనంతవరకు, అంటే సిబ్బంది వాడకానికి విడుదల చేయనంతవరకు ఈ మెయిళ్లు యాప్ తయారుచేసినవారికే వస్తాయి కాబట్టి, మేనేజరుకు అందలేదని బాట్‌ను తిరగరాయకండి. డిప్లాయ్ చేశాక ఉద్యోగి ఫోను నుంచి ఒక క్లెయిము పంపి, మెయిలు మేనేజరుకు చేరిందో లేదో, ఆ క్లెయిము మరో ఉద్యోగి ఫోనులో కనబడకుండా ఉందో లేదో సరిచూసుకుని, ఆ తరువాతే సిబ్బందికి లింకు ఇవ్వండి.