కళ్ల ముందు ఆగని చుక్కలు.. మైగ్రేన్ అంటే నేనొప్పుకోను!

ఆపండి! కళ్ల ముందు చుక్కలు కనిపిస్తే చాలు, ‘అది మైగ్రేనే, మాత్ర వేసుకో’ అనడం ఇక ఆపండి. ఈమధ్య రీల్స్ నిండా ఇదే పాట. కడప నుంచి ఒకరు, కర్నూలు నుంచి ఇంకొకరు, మా అనంతపురంలో అయితే వీధికొక నిపుణుడు. నేను చెప్పేది ఒక్కటే. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా, నెలల తరబడి, చూపంతా చుక్కలు మెరుస్తూనే ఉంటే అది మైగ్రేన్ ఆరా, అంటే మైగ్రేన్ తలనొప్పికి ముందు కాసేపు కళ్ల ముందు వచ్చే మెరుపులు, కాదు. కాదంటే కాదు. దాని పేరు విజువల్ స్నో సిండ్రోమ్.

ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టే ఒక అక్క నాతో మాట్లాడింది. తెల్ల లైనింగ్ గుడ్డ పరిస్తే చాలు, సిగ్నల్ పోయిన పాత టీవీలో మాదిరి దాని నిండా సన్నటి చుక్కలు కదులుతాయంట. ఎర్ర జాకెట్ కుట్టి తలెత్తితే ఆ ఎరుపు కాసేపు గోడ మీద కూడా కనిపిస్తుందంట. రాత్రిపూట సందులో నడవాలంటే భయం. కళ్ల డాక్టరు చూసి బాగున్నాయన్నాడు. అయినా అద్దాలు మార్చారు. ఎంఆర్ఐ తీస్తే నార్మల్. ఇంట్లోవాళ్లు తప్పంతా ఫోన్‌దే అన్నారు. చివరికొకాయన మైగ్రేన్ అని రాసిచ్చాడు. ఆమెకు ఒంటి తలనొప్పి ఉన్న మాట నిజమే. అయితే ఏమి? తలనొప్పి వచ్చి పోతోంది కదప్పా, చుక్కలు పోవడం లేదే!

అసలు ఆరా అంటే ఏందో చెప్తా, ఈ కథ నాకు భలే ఇష్టం. 1941లో కార్ల్ లాష్లీ అని ఒక అమెరికా సైకాలజిస్టు, తనకొచ్చే ఆరాను తానే కాగితం మీద గీసుకుని చూపించాడు. చూపు మధ్యలో చిన్న మచ్చ మొదలవుతుంది, వంకర టింకర మెరుపు గీతలతో మెల్లగా అంచుకు పాకుతుంది. ఆయన లెక్క కట్టాడు: మెదడులో చూపు చూసుకునే భాగం మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతోందని. 1944లో బ్రెజిల్‌కు చెందిన లియావో అనే శాస్త్రవేత్త కుందేలు మెదడు మీద, కణాల పనిని కాసేపు అణిచేస్తూ నిదానంగా పాకే ఒక అలను పట్టుకున్నాడు. దాని వేగమూ దాదాపు అంతే! ఈ రెండు వేగాలనూ పక్కపక్కన పెట్టి సంబంధం ఉందని రాసేసరికి 1958 వచ్చింది. పద్నాలుగేళ్లు! ఎదురుగా ఉన్నా కనపడలేదు చూడండి.

ఆ అల దాటిపోతుంది కాబట్టే ఆరా మామూలుగా 5 నిమిషాల నుంచి గంటలోపు ముగుస్తుంది. వారం దాటి ఉండే ఆరా కూడా ఉంది, కానీ బహు అరుదు. మరి మూడు నెలలు దాటినా చూపంతా ఒకేలా పరుచుకుని కదిలే చుక్కల్లో అల ఎక్కడుంది? 2014లో షాంకిన్, గోడ్స్‌బీ అనే న్యూరాలజిస్టుల బృందం ‘బ్రెయిన్’ అనే వైద్య పత్రికలో ఇదే రాసింది, ఆగని ఆరా వేరు, ఇది వేరు అని. గోడ్స్‌బీ అంటే ఎవరనుకున్నారు? మైగ్రేన్ మీద పరిశోధనకే 2021లో బ్రెయిన్ ప్రైజ్, అంటే మెదడు పరిశోధనకిచ్చే పెద్ద బహుమతి, పంచుకున్న మనిషి. ఆయనే కాదంటుంటే మన రీల్ డాక్టర్లు అవునంటారు!

‘మరి ఈ చుక్కలున్నవాళ్లలో సగం మందికి పైగా మైగ్రేన్ ఎందుకుంది?’ అంటారు. అడగండి, అడగాల్సిందే. ఆ బృందమే చుక్కలున్న 17 మందికి పెట్ స్కాన్ (మెదడులో ఏ చోటు ఎంత పనిచేస్తోందో చూపేది) తీస్తే, మెదడు వెనక లింగ్వల్ గైరస్ అనే చోట పని మామూలుకన్నా ఎక్కువగా కనిపించింది. వెలుతురు భరించలేని మైగ్రేన్ వాళ్లలోనూ ఆ చోటి పేరే వినిపిస్తుంది. ఇక నా థియరీ: రెంటికీ మూలం ఒకటే. పనికిరాని సమాచారాన్ని అణచలేని మెదడు కొందరికి తలనొప్పి ఇస్తుంది, కొందరికి చుక్కలు, కొందరికి రెండూ. రెండూ ఉన్నవాళ్లకు వెలుతురు బాధ ఎక్కువని వాళ్ల పరిశోధనలోనే ఉంది. అట్లాంటి మనిషి మే నెల కడప ఎండలో, మిట్టమధ్యాహ్నం సున్నం కొట్టిన గోడ పక్కన నడిస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. ఈ థియరీ నాది, డాక్టర్లది కాదు. కాదనేవాళ్లు కారణం చెప్పి కాదనండి.

మందుల సంగతా? మైగ్రేన్ మాత్రలతో తలనొప్పి తగ్గినా చుక్కలు మామూలుగా పోవు. లామోట్రిజిన్ అనే మూర్ఛ మందు కొద్దిమందికి కొంత పనిచేసింది, ఎక్కువమందికి లేదు. ఒంటి మీద దద్దుర్లు ప్రమాదకరంగా రావచ్చు, సొంతంగా కొని మింగేది కాదు. కంటి ఎక్సర్‌సైజుల ప్యాకేజీ అమ్మేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

ఇంకొకటి. ఒక కంట్లో ఉన్నట్టుండి మెరుపులు, కొత్త చుక్కలు, నల్ల తెర దిగినట్టు నీడ వస్తే అది రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఊడుతున్న గుర్తు కావచ్చు. ఫోన్ పక్కన పడేసి ఆ రోజే కంటాసుపత్రికి పోండి. ఏళ్లుగా చుక్కలు ఒకేలా ఉన్నవాళ్లు న్యూరాలజిస్టు దగ్గర ‘నాకు మైగ్రేన్’ అని మొదలుపెట్టొద్దు. ఒక కన్నా, రెండు కళ్లా, ఎప్పటినుంచి, తలనొప్పి లేని రోజు కూడా ఉంటాయా, ఇవి చెప్పండి. జబ్బు పేరు ఆయన పెడతాడు.