రాడ్డు ఒకరిది, బిల్లు నలుగురిది

వ్యాఖ్యాత: నమస్కారం. అద్దె గదుల్లో కలిసి ఉంటూ చదువుకునే విద్యార్థుల కోసం ఈనాటి ఫోన్-ఇన్ కార్యక్రమం. మహిళా వసతిగృహంలో చాలాకాలం వార్డెన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన మేడమ్ మనతో ఉన్నారు. మొదటి ఫోను అశోక్‌నగర్ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం మేడమ్. మేం నలుగురం గ్రూప్స్‌కు చదువుతూ ఒకే పోర్షన్‌లో ఉంటున్నాం. చలి మొదలయ్యాక కరెంటు బిల్లు తొమ్మిది వందల నుంచి పన్నెండు వందలకు పోయింది. మాలో ఒకతనే వేడినీళ్లకు రాడ్డు పెట్టుకుంటాడు. పెరిగిందంతా అతనే కట్టాలని మేం ముగ్గురం అన్నాం. అప్పటి నుంచి అతను మాతో కలిసి భోంచేయడం మానేశాడు.

వార్డెన్: బిల్లు దగ్గరుందా బాబూ? ఎన్ని యూనిట్లు?

శ్రోత: ఈ నెల 210. పోయిన నెల 198.

వార్డెన్: అయితే కాగితం తీసుకుని రాసుకో. తెలంగాణలో 2022లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం, వంద దాటి 200 యూనిట్ల లోపు ఆగితే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, రెండో వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820. ఆ గీత దాటితే మొదటి 200 యూనిట్ల ధర కూడా మారిపోతుంది. యూనిట్ 5.10 చొప్పున అవే 1020 అవుతాయి. ఆ పైన పది యూనిట్లకు 7.70 చొప్పున 77. మొత్తం 1097. స్థిర ఛార్జీలు వేరు. పది యూనిట్లకు 277 రూపాయలు పెరిగింది, చూశావా?

శ్రోత: ఇది మాకు తెలియదు మేడమ్.

వార్డెన్: చాలామందికి తెలియదు. ఇప్పుడు రాడ్డు సంగతి చూద్దాం. 1500 వాట్ల రాడ్డు నలభై నిమిషాలు కాలితే ఒక యూనిట్. రోజూ ఇరవై నిమిషాలు పెట్టుకున్నా నెలకు పదిహేను యూనిట్లు. మిగిలిన 195 యూనిట్లూ ఎవరివి? ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్, అర్ధరాత్రి దాకా వెలిగే లైట్లు, అన్నీ నలుగురివీ. ఆ పదిహేను యూనిట్లకు అతను విడిగా ఇవ్వడం న్యాయమే. ఐదు రూపాయల లెక్కన 75 అవుతుంది. గీత దాటినందుకు పడిన భారం మాత్రం నలుగురూ పంచుకోవాలి. మీలో ఎవరు పదిహేను యూనిట్లు తగ్గించుకున్నా గీత దాటేవారు కాదు. తప్పంతా అతని నెత్తిన పెట్టడం నాకు నచ్చలేదు బాబూ.

వ్యాఖ్యాత: మేడమ్, 200 యూనిట్ల వరకు ఉచితం అనే పథకం వీరికి వర్తించదా?

వార్డెన్: అది రేషన్ కార్డుతో ముడిపడినది. కార్డు ఊళ్లో ఉన్న ఇంటి మీటరుకు వాడుకుంటూ ఉంటే ఇక్కడి గదికి రాదు. అందుకే వీళ్లు మీటరు మీద కన్నేసి ఉంచాలి. రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున చూసుకోండి. 130 దాటిందంటే మిగతా పది రోజులూ నలుగురూ జాగ్రత్తపడాలి. ఇంకో మాట. రాడ్డు ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టమను. ఇనుప బకెట్ వాడనే వద్దు.

శ్రోత: అతనితో మళ్లీ ఎలా మాట్లాడాలి మేడమ్?

వార్డెన్: ఈ లెక్క తీసుకుని మీలో ఒక్కరు వెళ్లండి. ముగ్గురూ కలిసి వెళ్తే మళ్లీ పంచాయతీ పెట్టినట్టే ఉంటుంది. "మేం తెలియక అన్నాం, రాత్రికి కలిసి తిందాం" అంటే చాలు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను చిక్కడపల్లి నుంచి.

శ్రోత: మేడమ్, నేను పైకి చదివితేనే గుర్తుంటుంది. నా గదిలో ఉండే అతను రాత్రంతా డెలివరీ పని చేసి తెల్లవారాక వచ్చి పడుకుంటాడు. నా చదువు సంగతేమిటి?

వార్డెన్: అతని నిద్ర సంగతేమిటి? రాత్రంతా బండి మీద తిరిగినవాడికి ఆ నాలుగైదు గంటలే దక్కేవి. నడిచి వెళ్లేంత దూరంలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలంతా అక్కడే కదా. పొద్దున పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్లు, పైకి చదవాల్సినవి సాయంత్రం అతను పనికి బయలుదేరాక గదిలో చదువుకో.

వ్యాఖ్యాత: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక అమ్మాయి.

శ్రోత: నమస్తే మేడమ్. మేం ముగ్గురం. వంట నాకే వచ్చు కాబట్టి నేనే చేస్తాను. గిన్నెలు వాళ్లు కడగాలని అనుకున్నాం. పొద్దున లేచి చూస్తే రైస్ కుక్కర్ గిన్నె సింకులోనే ఉంటుంది. మెతుకులు ఉబ్బిపోయి, పైన నీళ్లు తెల్లగా తెట్టుకట్టి, వాసన. అది కడిగితే కానీ నేను అన్నం పెట్టలేను. గ్రూపులో ఫొటో పెట్టాను, ఇద్దరూ చూశారు, జవాబు లేదు.

వార్డెన్: ఫొటో పెట్టకుండా ఉండాల్సిందమ్మా. గదిలో ముఖాముఖి చెప్పాల్సినది గ్రూపులో పెడితే దండోరా వేసినట్టే. వాళ్లు సిగ్గుపడ్డారు, సిగ్గుపడ్డవాళ్లు జవాబివ్వరు. ఈ రోజు వంట మొదలుపెట్టకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ గిన్నె ఒక్కటే మాట్లాడు. పాతవన్నీ తవ్వొద్దు. చివర తిన్నవాళ్లు మిగిలిన అన్నం డబ్బాలోకి తీసి, గిన్నె అప్పుడే కడిగి బోర్లించాలి. "నానబెట్టాను" అనే మాట చెల్లదని ముందే చెప్పు. వాళ్లకు రెండు కూరలు నేర్పు కూడా. వారంలో రెండు పూటలు నువ్వు పొయ్యి దగ్గరకు వెళ్లకూడదు. వంట వచ్చిన పిల్ల మీదే గది మొత్తం ఆధారపడటం నేను హాస్టల్‌లో చాలా చూశాను. పరీక్షలప్పుడు అందరికంటే ముందు అలసిపోయేది ఆ పిల్లే.

వ్యాఖ్యాత: చివరి ఫోను. కూకట్‌పల్లి నుంచి.

శ్రోత: మేడమ్, నా స్నేహితుడి వంతు అద్దె రెండు నెలలుగా నేనే కడుతున్నాను. వాళ్ల నాన్నకు ఈసారి పత్తి సరిగా రాలేదు. అడగాలంటే నోరు రావడం లేదు. అడగకపోతే మా ఇంట్లో ఏం చెప్పాలో తెలియడం లేదు.

వార్డెన్: నువ్వు చేసింది మంచి పని నాన్నా. అయినా అడుగు. నువ్వు అడగని ప్రతి రోజూ అతను నీ కళ్లలోకి చూడలేకపోతున్నాడు. మిగతావాళ్లు లేనప్పుడు, ఇద్దరూ బయట టీ తాగుతున్నప్పుడు అడుగు. "ఎప్పుడిస్తావు" అనకు, "నెలకు ఎంత ఇవ్వగలవు" అను. ఐదు వందలన్నా సరే ఒప్పుకో, ఇద్దరి ఫోన్లలోనూ రాసుకోండి. వచ్చే నెల అద్దె గురించి ముందే ఓనర్‌తో మాట్లాడండి, ఇద్దరూ కలిసి వెళ్లండి. అడ్వాన్స్ ఉంది కాబట్టి పది రోజుల గడువు అడగడంలో తప్పులేదు. మీ ఇంట్లో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పు. వ్యవసాయం చేసే ఇల్లే కదా మీది కూడా?

శ్రోత: అవును మేడమ్.

వార్డెన్: అయితే మీ నాన్నకు వివరించి చెప్పే పని ఉండదులే.